గ్రాఫిక్ డిజైన్ కోర్సును ఎంచుకోవడం ఎలా: ప్రకటన చూసిన రోజు నుంచి ఫీజు కట్టే రోజు దాకా

గ్రాఫిక్ డిజైన్ నేర్పే కోర్సుల ప్రకటనలు వరుసగా పది చదివితే అన్నింటిలోనూ దాదాపు ఒకే వివరాలు కనిపిస్తాయి: నేర్పే సాఫ్ట్‌వేర్ల పేర్లు, తరగతుల గంటలు, చివర్లో ఇచ్చే సర్టిఫికెట్, ఉద్యోగం వెతుక్కోవడంలో సాయం. ఇవి తెలియవలసినవే అయినా, ఆ కోర్సు పూర్తిచేసినవారు డిజైనర్‌గా నిలదొక్కుకుంటారా అన్నది వీటిని బట్టి తేలదు. కొత్తవారి పోర్ట్‌ఫోలియోలు, అంటే వారు చేసిన పనుల సంకలనాలు, చూసి పనిలోకి తీసుకునే బాధ్యతను చాలాకాలంగా చూస్తున్నాను. ఆ అనుభవంతో ఒక మాట గట్టిగా చెప్పగలను. బాగా ఎదిగినవారిని నేర్చుకున్న రోజుల గురించి అడిగితే వాళ్లు సాఫ్ట్‌వేర్ ఊసెత్తరు. తమ పనిని పక్కన కూర్చుని చూసి, ఒకటికి నాలుగుసార్లు తిరిగి చేయించిన గురువు గురించి చెబుతారు. అందుచేత ఏ కోర్సు విషయంలోనైనా ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఇది: నేను చేసిన పనిని ఇక్కడ ఎవరు చూస్తారు, ఎంతసేపు చూస్తారు, దిద్దుకుని తెచ్చాక మళ్లీ చూస్తారా? కింద చెప్పిన మెట్లలో చాలావరకు ఈ ప్రశ్నకు నికరమైన జవాబు రాబట్టడానికి ఉద్దేశించినవే.

మొదటి మెట్టు: ఏ పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి

గ్రాఫిక్ డిజైన్ ఒకే వృత్తిగా వినిపించినా, లోపలికి వెళ్లి చూస్తే పనులు వేరు, వాటికి కావలసిన ఓపిక వేరు. పుస్తకాలు, పత్రికల పేజీలు కూర్చేవారికి అక్షరాల మీద, వందల పేజీలను ఒకే క్రమంలో నడిపించడం మీద పట్టు కావాలి. లోగోలు, బ్రాండ్ గుర్తింపు రూపొందించేవారు ఒక చిన్న గుర్తు కోసం రోజుల తరబడి కాగితం మీద గీతలు గీస్తూ ఉంటారు. ప్యాకేజింగ్ చేసేవారు డబ్బా మడతలను, దాని మీద తప్పనిసరిగా వేయవలసిన సమాచారాన్ని లెక్కలోకి తీసుకోవాలి. యాప్‌లు, వెబ్‌సైట్ల తెరలు రూపొందించేవారు వాడేవారి వేలు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తడబడుతుందో గమనించాలి. మోషన్ గ్రాఫిక్స్, అంటే కదిలే డిజైన్లు, చేసేవారికి కాలం కూడా ఒక కొలతే.

మీ మనసు ఎటు మొగ్గుతుందో ఆలోచనతో తేలకపోవచ్చు, చేసి చూస్తే తేలుతుంది. రెండు వారాలపాటు మీ కంటికి నచ్చిన డిజైన్లను ఓ 30 దాకా సేకరించి, ఒక్కొక్కదాని కింద అది ఎందుకు నచ్చిందో ఒక వాక్యం రాయండి. తర్వాత వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, స్కేలుతో మార్జిన్లు కొలిచి, అక్షరాల పరిమాణాల తేడాను అంచనా వేసి, ఉన్నదున్నట్టు తిరిగి తయారుచేయడానికి ప్రయత్నించండి. ఇది సాధన కోసమే కాబట్టి పోర్ట్‌ఫోలియోలో పెట్టకూడదు. అయితే ఈ ఒక్క ప్రయత్నంతో మీకు ఓపిక ఎక్కడ ఉందో, విసుగు ఎక్కడ పుడుతుందో తెలిసిపోతుంది, కోర్సువారిని అడగవలసిన ప్రశ్నలు కూడా వాటంతట అవే పుడతాయి.

రెండో మెట్టు: పరికరాన్నీ విద్యనూ వేరు చేసి చూడండి

పేజ్‌మేకర్ 1985లో, ఇలస్ట్రేటర్ 1987లో, ఫోటోషాప్ 1990లో, ఇన్‌డిజైన్ 1999లో వచ్చిన డిజైన్ సాఫ్ట్‌వేర్లు. ఒకప్పుడు పేజీల కూర్పు అంటే పేజ్‌మేకర్ అనే అనుకునేవారు. ఈనాడు ఆ పేరు తెలియని కొత్తవారు ఎందరో. తెరల రూపకల్పనలో ఇప్పుడు విస్తృతంగా వాడుతున్న ఫిగ్మా 2016లో గానీ అందరి చేతికీ రాలేదు. మరోవైపు, 1957లో సీసపు అచ్చుల కోసం రూపొందిన హెల్వెటికా అక్షరాలు ఇప్పటికీ తెరల మీదా కాగితం మీదా కనిపిస్తూనే ఉన్నాయి. ఒక పరికరానికే అంటిపెట్టుకున్న కోర్సు ఆ పరికరంతోపాటే పాతబడుతుంది. అక్షరాల మధ్య ఖాళీని చూడటం నేర్పిన కోర్సు పరికరం మారినా పనికొస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1919లో వాల్టర్ గ్రోపియస్ జర్మనీలోని వైమార్‌లో స్థాపించిన బౌహౌస్ పాఠశాలలో విద్యార్థులు ఏ వర్క్‌షాపులోనైనా అడుగుపెట్టేముందు యోహానెస్ ఇట్టెన్ రూపొందించిన ప్రాథమిక కోర్సు పూర్తిచేయవలసి ఉండేది. రంగు, ఆకారం, పదార్థాల స్వభావం మొదట చేతికీ కంటికీ అలవాటు కావాలన్నది దాని ఉద్దేశం. ఆ పాఠశాల 1933లో మూతపడినా, పునాది కోర్సు అనే పద్ధతి నేటికీ ఎన్నో డిజైన్ కళాశాలల్లో కొనసాగుతోంది. మీరు చూస్తున్న కోర్సు మొదటి వారాల్లో ఏం జరుగుతుందో అడగండి. మొదటి రోజే మెనూలు, టూల్స్ వరుసగా చూపడం మొదలైతే అది సాఫ్ట్‌వేర్ శిక్షణ. సాఫ్ట్‌వేర్ శిక్షణ పనికిరానిదని నేను అనను. అప్పటికే బొమ్మ, అక్షరం తెలిసినవారికి అది చాలు. కొత్తవారికి మాత్రం చాలదు.

మూడో మెట్టు: సిలబస్‌ను అధ్యాయాల పేర్లతో ఆపకుండా అభ్యాసాల దాకా చదవండి

సిలబస్‌లో "టైపోగ్రఫీ" (అక్షరాల కూర్పు) అనే మాట ఉండటం వల్ల ఏమీ తెలియదు. టైపోగ్రఫీలో ఏ అభ్యాసాలు చేయిస్తారని అడగాలి. ఒకే పాఠాన్ని ఒకే ఫాంటుతో, ఒకే పరిమాణంలో, ఖాళీలను మాత్రమే మార్చి పది రకాలుగా కూర్చమనే అభ్యాసం ఉంటే ఆ అధ్యాపకులకు విషయం తెలుసు. కెర్నింగ్, అంటే పక్కపక్కనున్న రెండు అక్షరాల మధ్య ఖాళీ, లీడింగ్, అంటే వరుసకూ వరుసకూ మధ్య దూరం, ఈ రెండింటినీ కంటితో సరిచేయడానికి ఎన్ని గంటలు కేటాయించారో కనుక్కోండి.

తెలుగులో పనిచేయాలనుకునేవారికి ఇక్కడ ఇంకో పెద్ద విషయం ఉంది. మన అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు, ఏత్వాలు ఉంటాయి కాబట్టి, ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన లీడింగ్‌ను అలాగే ఉంచితే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడికి తగులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపులకు తగిన అమరిక ఎంచుకోకపోతే "లక్ష్మి" అనే మాట విడిపోయి పొల్లులతో "లక్‌ష్‌మి" అని పడుతుంది. అన్ని భాషల అక్షరాలకూ ఒకే ప్రమాణ సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని వేరే కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనబడతాయి. కోర్సువారిని తెలుగు పోస్టర్ ఒకటి చూపించమని అడగండి. అందులో వత్తులు ఎలా కూర్చున్నాయో చూస్తే చాలు, వారికి ఈ విషయం మీద ఎంత శ్రద్ధ ఉందో తెలుస్తుంది.

అచ్చుకు సంబంధించిన పాఠం సిలబస్‌లో ఉందా లేదా అన్నది నేను ఎప్పుడూ మొదట చూస్తాను. దానికి కారణం ఉంది. నేను మొదట చేరిన చిన్న కోర్సులో బ్లీడ్, అంటే కత్తిరించే అంచు దాటి రంగును పొడిగించడం, అనే మాట ఎవరూ చెప్పలేదు. చేతికి వచ్చిన తొలి కరపత్రంలో నేపథ్యపు రంగును కాగితం అంచు దగ్గరే ఆపేశాను, ఫోన్ నంబరును ఆ అంచుకు ఆనుకునేలా పెట్టాను. కత్తిరింపులో బ్లేడు అరమిల్లీమీటరు పక్కకు జరగడంతో ఒకవైపు తెల్లటి గీత తేలింది, మరోవైపు నంబరులో చివరి అంకె సగం తెగిపోయింది. కరపత్రాలన్నీ మళ్లీ అచ్చు వేయించాల్సి వచ్చింది. అంచు దాటి సాధారణంగా 3 మిల్లీమీటర్ల మేర రంగును పొడిగించాలని, ముఖ్యమైన అక్షరాలను అంచు నుంచి లోపలికి ఉంచాలని చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు లేని కోర్సు ఎంత ఖరీదైనదో అప్పుడు అర్థమైంది.

అచ్చు పాఠంలో ఉండవలసినవి మరికొన్ని ఉన్నాయి. తెర మీద రంగు వెలుగుతో, ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) పద్ధతిలో పుడుతుంది. కాగితం మీద సిరాలతో, సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు) పద్ధతిలో పుడుతుంది. తెర మీద మిరుమిట్లు గొలిపే ఆకుపచ్చ, నీలం రంగులు కొన్ని నాలుగు సిరాల అచ్చులో అలాగే రావు. ఇక బొమ్మ స్పష్టత సంగతి: చేతిలో పట్టుకుని చూసే అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న కొలమానం. ఆ లెక్కన 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ఏ4 కాగితాన్ని నిండుగా నింపాలంటే బొమ్మ సుమారు 2480 పిక్సెళ్ల వెడల్పు, 3508 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. 800 పిక్సెళ్ల బొమ్మను అంత పెద్దది చేస్తే మసకబారక తప్పదు. విద్యార్థుల చేత ఈ లెక్క వేయించి, కనీసం ఒక పనిని నిజంగా అచ్చు వేయించి చూపే కోర్సుకు నా దృష్టిలో ఎక్కువ మార్కులు.

తెర మీద పనికి వచ్చేసరికి, చదవగలగడం అన్నది ఒక పాఠంగా ఉందో లేదో చూడండి. వెబ్ కంటెంట్ అందుబాటుకు అంతర్జాతీయంగా అనుసరించే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల్లో ఏఏ స్థాయి ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకూ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ (వెలుగు తేడా) నిష్పత్తి కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 ఉండాలి. తెల్లని నేపథ్యం మీద లేత బూడిదరంగు అక్షరాలు చూడటానికి సొగసుగా ఉన్నా ఈ పరీక్షలో నిలవవు. చూపు మందగించినవారు, ఎండలో నిలబడి ఫోన్ చూసేవారు కూడా చదవగలగాలన్న పట్టింపును కోర్సు మొదట్లోనే కలిగించాలి.

వీటితోపాటు గ్రిడ్ (పేజీని విభజించే గీతల చట్రం), రంగుల పొందిక, గీతల లెక్కలతో ఏర్పడే వెక్టర్ బొమ్మకూ చుక్కలతో ఏర్పడే పిక్సెల్ బొమ్మకూ తేడా, ఫైళ్లకు పేర్లు పెట్టే క్రమం, ఫాంట్లు, ఫోటోల లైసెన్సులు సిలబస్‌లో ఉండాలి. కృత్రిమ మేధతో బొమ్మలు తయారుచేసే పరికరాల విషయంలో కోర్సు నియమం ఏమిటో అడగండి. పూర్తిగా నిషేధించిన చోటా, ఇష్టానుసారం వదిలేసిన చోటా విద్యార్థికి నష్టమే. ఎక్కడ వాడారో చెప్పాలి, ఎందుకు వాడారో వివరించగలగాలి అనే నియమం ఉన్నచోట నేర్చుకోవడం సవ్యంగా సాగుతుంది.

నాలుగో మెట్టు: పనిని ఎలా దిద్దుతారో కళ్లారా చూడండి

ఫీజు కట్టేముందు ఒక తరగతిలో వెనక కూర్చుని చూసే అవకాశం ఇమ్మని అడగండి. పాఠం చెప్పే తరగతికి కాకుండా, విద్యార్థుల పనిని సమీక్షించే తరగతికి రానివ్వమనండి.

అలాంటి తరగతి ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఒక విద్యార్థిని గ్రంథాలయంలో జరిగే కథల సమావేశానికి పోస్టర్ చేసి తెచ్చింది. అధ్యాపకురాలు బాగుంది, బాగాలేదు అని ఏమీ అనలేదు. పోస్టర్‌ను గోడకు అంటించి, విద్యార్థులందరినీ గది ఆ చివరకు వెళ్లి నిలబడమంది. "సమావేశం ఏ రోజు?" అని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. తర్వాత దగ్గరికి వచ్చి, తన అరచేత్తో మధ్యనున్న పెద్ద పుస్తకం బొమ్మను కప్పి, "ఇప్పుడు మీ చూపు ఎక్కడికి పోతోంది?" అని అడిగింది. అప్పుడు ఆ అమ్మాయే, బొమ్మ అంత పెద్దది కావడం వల్ల తేదీకి చోటు లేకుండా పోయిందని గుర్తించింది. రెండు రోజుల తర్వాత కొత్త పోస్టర్ అదే గోడ మీద, పాతదాని పక్కనే ఉంది.

అక్కడ మూడు విషయాలు జరిగాయి. లోపాన్ని ఇష్టాయిష్టాలతో ముడిపెట్టకుండా చూసేవారి అవసరంతో ముడిపెట్టారు. కారణాన్ని విద్యార్థి నోటే పలికించారు. అన్నింటికన్నా ముఖ్యంగా, దిద్దిన పనిని మళ్లీ చూశారు. చాలా కోర్సుల్లో ఈ మూడోది ఉండదు. వ్యాఖ్య రాసి, మార్కు వేసి, తర్వాతి అభ్యాసానికి వెళ్లిపోతారు. నిజమైన పనిలో మొదటి ప్రయత్నం అంగీకారం పొందడం అరుదు కాబట్టి, రెండోసారి, మూడోసారి చేయడం అలవాటు కాని విద్యార్థి తొలి ఉద్యోగంలోనే నలిగిపోతాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసుకోండి. తరగతిలో 30 మంది ఉండి, అధ్యాపకులు ఒక్కరే అయి, సమీక్ష 2 గంటలు సాగితే ఒక్కొక్కరికి దక్కేది 4 నిమిషాలు. అదే 12 మంది ఉంటే 10 నిమిషాలు దక్కుతుంది. వారానికి ఎన్ని సమీక్షలో దానితో గుణించి, కోర్సు మొత్తంలో మీ పని మీద ఎవరో ఒకరు దృష్టి పెట్టే నిమిషాలు ఎన్నో రాసుకోండి. రెండు కోర్సుల ఫీజులను పోల్చేటప్పుడు పూర్తి తరగతుల గంటలకంటే ఈ అంకె ఎక్కువ నిజం చెబుతుంది. ముందే రికార్డు చేసిన ఆన్‌లైన్ పాఠాల్లో ఇది సున్నా కావచ్చు. అలాంటప్పుడు దిద్దే మనిషిని విడిగా వెతుక్కోవాలి.

దిద్దేవారు ఎవరన్నదీ అంతే ముఖ్యం. గత రెండు మూడేళ్లలో వారు స్వయంగా చేసిన పనులు చూపమని మర్యాదగా అడగండి. వారే నేర్పుతారా లేక ప్రకటనలో వారి పేరు మాత్రమే ఉండి తరగతికి వేరొకరు వస్తారా అన్నది కూడా స్పష్టంగా తెలుసుకోండి.

ఐదో మెట్టు: పాత విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలు చదవండి

ప్రతి సంస్థా తన వద్ద చదివిన అత్యుత్తమ విద్యార్థి పనిని చూపిస్తుంది. మీరు అడగవలసింది ఒకే తరగతికి చెందిన ఆరేడుగురి పని. అవన్నీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒకే లేఅవుట్, ఒకే రకం రంగులు, అదే కాఫీ కప్పు మీద అదే కోణంలో అతికించిన లోగో కనిపిస్తే, వారు టెంప్లేట్‌ను నింపడం నేర్చుకున్నారని అర్థం. ఒక్కొక్కరి పని ఒక్కో తీరున ఉండి, అన్నింటిలోనూ అక్షరాల అమరిక శుభ్రంగా ఉంటే ఆ కోర్సు మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

తుది రూపం వెనక కాగితం మీద గీసిన తొలి ఊహలు, పక్కన పెట్టేసిన ప్రయత్నాలు ఉన్నాయో లేదో చూడండి. పనిలోకి తీసుకునేవారు వెతికేది వాటినే. అందమైన బొమ్మ ఎక్కడి నుంచైనా రావచ్చు. మూడు దారులు ప్రయత్నించి రెండింటిని ఎందుకు వదిలేశారో చెప్పగలిగే మనిషి మాత్రం నేర్చుకుని వచ్చినవాడే. అలాగే అభ్యాసాలకు షరతులు ఉన్నాయేమో గమనించండి. "మీకు నచ్చిన బ్రాండ్‌కు లోగో చేయండి" అన్న అభ్యాసం కంటే "రెండే రంగులు, చిన్న బటన్ మీద కూడా కనబడాలి, వారంలో ఇవ్వాలి" అన్న అభ్యాసం ఎక్కువ నేర్పుతుంది.

ఆరో మెట్టు: కోర్సు రకాన్ని మీ కాలంతో సరిచూసుకోండి

మూడు నాలుగేళ్ల డిగ్రీలో పునాది, చరిత్ర, తోటి విద్యార్థుల సాంగత్యం దొరుకుతాయి. ఏడాది రెండేళ్ల డిప్లొమా వృత్తి పనికి దగ్గరగా ఉంటుంది. కొన్ని నెలల కోర్సు, ఇప్పటికే కొంత చేయి తిరిగినవారికి లేదా ఒకే శాఖలోకి వెళ్లదలచినవారికి సరిపోతుంది. సొంతంగా నేర్చుకోవడం కూడా సాధ్యమే, కానీ గడువు పెట్టేవారూ దిద్దేవారూ లేకపోతే చాలామంది మధ్యలో ఆగిపోతారు. తరగతిలో గడిపే ప్రతి గంటకు ఇంటి దగ్గర కనీసం మరో గంట సాధన ఉంటుందని లెక్కించి, ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం, ఇంటి బాధ్యతలు పోను వారంలో నిజంగా ఎన్ని గంటలు మిగులుతాయో రాసుకోండి. ఆ అంకె సరిపోకపోతే చిన్న కోర్సును ఎంచుకోవడంలో తప్పు లేదు.

ఏడో మెట్టు: ఫీజు వెనకనున్న ఖర్చులు కూడండి

ఫీజు కాగితంలో కనబడని ఖర్చులు చాలా ఉంటాయి: తగిన మెమరీ, సరైన రంగులు చూపే తెర ఉన్న కంప్యూటర్, ఫాంట్ల లైసెన్సులు, అచ్చు ప్రతులు. అడోబ్ సంస్థ 2013 నుంచి తన ప్రధాన డిజైన్ సాఫ్ట్‌వేర్లను చందా పద్ధతిలోకి మార్చింది కాబట్టి, కోర్సు ముగిసి విద్యార్థి రాయితీ పోయిన తర్వాత కూడా ఆ ఖర్చు కొనసాగుతుంది. ఇంక్‌స్కేప్, గింప్, స్క్రైబస్, క్రిటా వంటివి ఉచితం. సూత్రాలు నేర్చుకోవడానికి అవి చాలు. ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసిన అభ్యాసాలను అంగీకరిస్తారా అని అడిగి చూడండి. దొంగ కాపీలు ఇచ్చి నేర్పే చోట చేరవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. రేపు మీ డిజైన్‌ను ఎవరైనా అనుమతి లేకుండా వాడుకుంటే అడిగే హక్కు ఆ హక్కును గౌరవించే అలవాటుతోనే వస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఉద్యోగం గురించి చెప్పే మాటను విడమరచి అడగండి

"నూటికి నూరు శాతం ఉద్యోగ సాయం" అంటే ఉద్యోగం వస్తుందని కాదు, సాయం చేస్తామని. కాబట్టి గత తరగతిలో ఎంతమంది చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఆరు నెలల తర్వాత వారిలో ఎంతమంది డిజైన్ పనిలో ఉన్నారు, ఆ పని ఏమిటి అని నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడగండి. సంస్థవారు పిలిచి పరిచయం చేసిన పాత విద్యార్థితో పాటు, మీరే వెతికి పట్టుకున్న ఇద్దరితోనూ మాట్లాడండి. వారిని "కోర్సు బాగుందా?" అని అడిగితే మర్యాదకు బాగుందంటారు. "మీ పనిని చివరిసారి ఎవరు దిద్దారు, ఏం మార్చమన్నారు?" అని అడగండి. వెంటనే ఒక సంఘటన చెప్పారంటే ఆ కోర్సులో నిజంగా బోధన జరిగింది.

తొమ్మిదో మెట్టు: చేరేముందు కాగితం, చేరిన తర్వాత నెల రోజులు

మధ్యలో మానేస్తే ఫీజు ఎంత తిరిగి వస్తుంది, ఏ తేదీలోపు చెప్పాలి, విద్యార్థిగా చేసిన పని మీద హక్కు ఎవరిది, సంస్థ దాన్ని ప్రకటనల్లో వాడుకోవచ్చా అన్న నాలుగు విషయాలు రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. నోటిమాటను ఈ విషయాల్లో లెక్కలోకి తీసుకోకండి.

చేరిన రోజు నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, మీ పనిని ఎవరు ఏ రోజు చూశారో, ఏం చెప్పారో, మీరు మార్చి చూపించినదాన్ని మళ్లీ చూశారో లేదో రాయండి. ప్రతి పనికీ సంబంధించిన మొదటి రూపాన్ని చెరిపేయకుండా తేదీతో దాచండి. నాలుగు వారాల తర్వాత మొదటి రూపాలను, దిద్దిన రూపాలను పక్కపక్కన పెట్టి చూసుకోండి. వాటి మధ్య తేడా కనబడి, ఆ తేడాకు కారణం మీ మాటల్లో చెప్పగలిగితే కొనసాగండి. పుస్తకంలో పేజీలు ఖాళీగా ఉంటే, ఫీజు తిరిగి వచ్చే గడువు దాటకముందే అధ్యాపకులతో మాట్లాడి, వారానికి ఒక సమీక్షైనా ఏర్పాటు చేయమని అడగండి. వారు ఒప్పుకోకపోతే ఆ గడువులోపే బయటకు వచ్చేయండి.